సీక్ చేశాక కూడా కాన్వాస్ మీద పాత ఫ్రేమే పడుతోంది

వెబ్ పేజీలో పాజ్‌లో ఉన్న వీడియోని స్లైడర్‌తో వేరే క్షణానికి జరిపి (అంటే సీక్ చేసి), ఆ ఫ్రేమ్‌ని జావాస్క్రిప్ట్‌లోని డ్రాఇమేజ్‌తో కాన్వాస్ (పేజీలో బొమ్మలు గీసే చోటు) మీద గీస్తున్నాను. ఎంపీ4, 1280×720, సెకనుకి 30 ఫ్రేములు. కరెంట్‌టైమ్‌ని (వీడియో ఏ సెకను దగ్గర ఉందో అది) 4.0 నుంచి 4.5కి మార్చి, సీక్‌డ్ ఈవెంట్ (జరపడం పూర్తయిందని బ్రౌజర్ ఇచ్చే కబురు) వచ్చాకే గీస్తున్నా. అయినా పదిసార్లలో రెండు మూడుసార్లు 4.0 దగ్గరి బొమ్మే వస్తోంది. ల్యాప్‌టాప్‌లో బాగానే ఉంది, ఫోన్‌లోనే ఈ గోల.

రెడీస్టేట్ 4 (ఆడించడానికి సరిపడా డేటా ఉందని) అనే చూపిస్తోంది. ఒక రిక్వెస్ట్‌యానిమేషన్‌ఫ్రేమ్ (తెరను మళ్లీ గీసే ముందు బ్రౌజర్ ఇచ్చే పిలుపు) ఆగి గీసినా తేడా లేదు. సెట్‌టైమౌట్‌తో 100 మిల్లీసెకన్లు ఆపితే సరిగ్గా వస్తోంది గానీ, స్లైడర్ లాగుతుంటే బొమ్మ వెనకబడుతోంది (100 ఎందుకంటే నా దగ్గర జవాబు లేదు). రిక్వెస్ట్‌వీడియోఫ్రేమ్‌కాల్‌బ్యాక్ (వీడియోలో కొత్త ఫ్రేమ్ వస్తే పిలిచేది) వీడియో ఆడుతుంటే చక్కగా పలుకుతోంది, పాజ్‌లో సీక్ చేస్తే ఒక్కోసారి ఉలుకూ పలుకూ ఉండదు. వీడియో ట్యాగ్‌కి డిస్‌ప్లే నన్ (పేజీలో కనబడకుండా దాచేది) పెట్టాను, దాని మీదే కాస్త అనుమానం.

పాజ్‌లో ఉన్నప్పుడు కొత్త ఫ్రేమ్ గీయడానికి నిజంగా సిద్ధమైందని, టైమర్ లేకుండా ఖాయంగా తెలుసుకునేదెలా?