రుద్రమదేవి మరణం: క్లాసులో ఎంతవరకు చెప్పాలి?

బడిపంతులు: ఎనిమిదో తరగతికి సోషల్ చెప్తాను. రుద్రమదేవి తనమీద తిరగబడ్డ సామంతుడు అంబదేవుడితో పోరాడుతూ రణరంగంలో నేలకొరిగిందని చెప్తుంటే పిల్లలు కదలకుండా వింటారు. స్టాఫ్ రూమ్‌లో ఒకాయన మాత్రం "అది చరిత్ర కాదు, ఊహ. అలా చెప్పకూడదు" అంటున్నారు. మీరేమంటారు?

ఓరుగల్లు పిల్ల: ధైర్యంగా చెప్పండి మాస్టారూ. పుస్తకాల్లో కనిపించే రాణులే వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. ఆవిడ చావుకీ సాక్ష్యాలు కావాలా? మగరాజుల విషయంలో ఇన్ని ప్రశ్నలు ఎవరూ వెయ్యరు.

శాసనాల పిచ్చి: వేస్తారండీ, వెయ్యాలి కూడా. ముందు అసలు ఆధారం చూద్దాం. నల్గొండ జిల్లా నకిరేకల్ దగ్గర చందుపట్లలో ఒక శాసనం ఉంది, 1289 నవంబరు నాటిది. వేయించింది రాజూ కాదు, మంత్రీ కాదు. పువ్వుల ముమ్మడి అనే బంటు. కాకతి రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకానికి వెళ్లారని, వాళ్లకు పుణ్యం కలగాలని భూమి దానమిచ్చాడు. అంతే. యుద్ధం ఊసు లేదు, అంబదేవుడి పేరు లేదు.

ఇది వెలుగులోకి వచ్చేదాకా ఆవిడ 1295 వరకు ఏలిందనే రాసుకున్నాం. ఒక బంటు చేసిన దానం ఆ లెక్కలోంచి ఆరేళ్లు కొట్టేసింది! నాకైతే ఏ యుద్ధవర్ణన కన్నా ఇదే ఒళ్లు జలదరించే సంగతి.

ఓరుగల్లు పిల్ల: రాణీ సేనానీ ఒకేసారి పోతే యుద్ధం కాక ఇంకేమిటి? జ్వరమా?

శాసనాల పిచ్చి: "ఒకేసారి" అన్నది మీరు కలిపిన మాట. అయినా మీ అనుమానానికి బలముంది. 1290లో అంబదేవుడు త్రిపురాంతకంలో వేయించిన శాసనంలో, మల్లికార్జునపతికి, అంటే ఆ సేనానికే, సప్తాంగాలు లేకుండా చేశానని గొప్పలు చెప్పుకున్నాడు. రాజ్యానికి ఉండే ఆ ఏడు అంగాల్లో రాజు కూడా ఒక అంగమే కదా. అంటే రుద్రమ కూడా అతని చేతిలోనే పోయిందని చరిత్రకారుడు పరబ్రహ్మశాస్త్రి గారు అర్థం తీశారు. గట్టి తర్కమే. కాకపోతే అది ప్రశస్తి. గెలిచినవాడు కొట్టుకున్న డప్పు.

ట్యూషన్ సార్: ఇదంతా పీహెచ్‌డీ వాళ్లకు బాగుంటుంది. మాకున్నది ఒక్క పీరియడ్, అందులో అటెండెన్స్‌కే సగం ప్రాణం పోతుంది.

రిటైర్డ్ టీచరమ్మ: ఒక్క పీరియడ్‌లోనే చేయించాను సార్. బోర్డు మీద ఒకవైపు చందుపట్ల మాటలు, ఇంకోవైపు త్రిపురాంతకం మాటలు రాసి, "ఏం జరిగి ఉంటుంది, ఎలా చెప్పగలవు?" అని అడిగేదాన్ని. వెనక బెంచీవాళ్లు కూడా వాదనకు దిగేవారు. ఇంకా టైముంటే మార్కోపోలో. ఆయన రుద్రమను రాజుగారి భార్య అని, భర్త పోయాక ఏలిందని రాశాడు. 1261 నాటి మల్కాపురం శాసనమేమో గణపతిదేవుడి కూతురంటుంది. ఎవరిని నమ్మాలి, ఎందుకు? ఊరి వార్త దారినపోయేవాడికి తెలుస్తుందా, ఇంట్లోవాళ్లకు తెలుస్తుందా అని పిల్లలే తేల్చేవారు.

ట్యూషన్ సార్: మరి పరీక్షలో "ఎలా మరణించింది?" అని ఒక మార్కు ప్రశ్న వస్తే?

రిటైర్డ్ టీచరమ్మ: "అంబదేవుడితో యుద్ధంలో మరణించిందని చరిత్రకారులు భావిస్తున్నారు." ఆ చివరి మాట ఉందని మా పిల్లలకు ఎవరూ మార్కు కొయ్యలేదు.

ఓరుగల్లు పిల్ల: బాగుంది. అయితే రుద్రమ మనవడు ప్రతాపరుద్రుడు నర్మదలో ప్రాణత్యాగం చేశాడన్నదానికీ ఇదే రూలు పెట్టండి. అది మాత్రం అందరూ ఖాయంగా చెప్పేస్తారు.

శాసనాల పిచ్చి: పెట్టాల్సిందే. విలస తామ్రశాసనం ఆయన సోమోద్భవ, అంటే నర్మద ఒడ్డున చనిపోయాడంటుంది. 1423 నాటి కలువచేరు శాసనం తన ఇష్టప్రకారమే స్వర్గానికి వెళ్లాడంటుంది. అదీ ఆయన పోయిన వందేళ్లకు. నదిలో దూకడమన్నది ఈ రెండూ కలిపి మనం అల్లుకున్నదే.

బడిపంతులు: రేపటి పీరియడ్‌కి రెండు బోర్డులు కావాలన్నమాట.