అప్‌డేట్: ఇంట్లో హవాయి ప్లేట్ లంచ్ కుదిరింది

హోనొలులులో ఉంటున్నాం, బయట ప్లేట్ లంచ్ (అన్నం, మాకరోనీ సలాడ్, ఏదో ఒక మాంసం వంటకం కలిపి ఇచ్చే ఇక్కడి భోజనం) కొనడం భారమవుతోంది, బీఫ్ తినం, ఇంట్లో చౌకగా ఎలా చేయాలని అడిగాను కదా. షోయు చికెన్‌తో, అంటే సోయా సాస్‌లో ఉడికించే చికెన్‌తో, మొదలుపెట్టమన్నవాళ్లందరికీ థాంక్స్. మా ఇంట్లో ఇప్పుడు ఆదివారం అదే.

ఎముకతో ఉన్న తొడ ముక్కలు పెద్ద ప్యాక్ తెచ్చాను. బోన్‌లెస్ కన్నా చవక, రుచి కూడా దానికే. కేజీ చికెన్‌కి అర కప్పు సోయా సాస్, అర కప్పు నీళ్లు, పావు కప్పుకి కాస్త పైన బ్రౌన్ షుగర్, చితక్కొట్టిన అల్లం, వెల్లుల్లి. మూతపెట్టి సన్న సెగ మీద 40 నిమిషాలు. వేరే ఉప్పు అక్కర్లేదు. మా ఆయన రెండు ఎండుమిర్చి పడేయమన్నారు. హవాయి వాళ్లు ఒప్పుకోరేమో గానీ, బాగుంది!

మాకరోనీ సలాడ్‌కి మాకరోనీని మామూలు కన్నా మెత్తగా ఉడికించి, వేడి మీదే కాస్త వెనిగర్ కలపాలి. చల్లారాక మయోనైజ్, క్యారెట్ తురుము. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంటేనే రుచి.

హవాయిలోని హిలో ఊళ్లో పుట్టిన లోకో మోకోని బీఫ్ బదులు చికెన్ ఖీమాతో చేశాను. అన్నం మీద ప్యాటీ, మష్రూమ్ గ్రేవీ, పైన గుడ్డు. పిల్లలు గిన్నె నాకేశారు. అన్నం మాత్రం కాల్‌రోస్ బియ్యంతోనే, అది వండితే అంటుకునే రకం. సోనా మసూరి పొడిపొడిగా ఉండి ముద్దగా నిలవదు.

స్పామ్ ముసుబి (అన్నం ముద్ద మీద డబ్బా పంది మాంసం ముక్క పెట్టి సముద్రపు నాచు చుట్టేది) మావాళ్లకు ఎక్కలేదు, వదిలేశాం. వచ్చే నెల అత్తయ్యగారు వస్తున్నారు, ఆవిడ శాకాహారి. షోయు చికెన్‌కి చేసే సాస్‌లోనే టోఫు వేయించి వేద్దామనుకుంటున్నా. ఎవరైనా చేసుంటే చెప్పండి.