మంచినీళ్ళ చెరువు నీళ్ళకీ కాళ్ళ తిమ్మిర్లకీ సంబంధం ఉంటుందా?

మాది భీమవరం దగ్గర పల్లెటూరండి. అమ్మకి కొన్నాళ్ళుగా అరికాళ్ళు తిమ్మిర్లు, మంటలు, చెప్పు జారిపోయినా తెలీట్లేదంట, షుగర్ కూడా లేదు. మా చెరువు కాలవ నీళ్ళతోనే నింపుతారు, ఆ కాలవలోకే చేలల్లో కొట్టిన మందులూ రొయ్యల చెరువుల నీళ్ళూ అన్నీ వస్తాయి. కాచి తాగుతున్నాం, సరిపోద్దా?

జవాబు 1: కాస్తే క్రిములు చస్తాయంతే. సీసం, ఆర్సెనిక్ లాంటి విషాలు పోవండి, నీళ్ళు మరిగి తగ్గేకొద్దీ ఇంకా చిక్కబడతాయి. 2020 డిసెంబర్‌లో ఏలూరు గుర్తుందిగా, మూర్ఛలొచ్చి వందలమంది ఆస్పత్రిలో పడ్డారు, ఎయిమ్స్ వాళ్ళు రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయన్నారు.

జవాబు 2: ఏలూరుది ఒక్కసారిగా వచ్చిందండి, అమ్మగారిది మెల్లగా వస్తోంది, రెండూ కలిపేసి భయపడకండి. ముందు విటమిన్ బి12, థైరాయిడ్ చూపించండి, న్యూరాలజిస్టు నెర్వ్ కండక్షన్ టెస్ట్ (నరాలు ఎలా పనిచేస్తున్నాయో చూసేది) రాస్తారు. ఆర్సెనిక్ అయితే తిమ్మిరి పాదాల్లోనే మొదలవుద్ది, సీసం అయితే పెద్దాళ్ళకి ఎక్కువగా మణికట్టు వాలిపోద్ది. ఇంట్లో మిగతావాళ్ళకీ ఉందా?

జవాబు 3: ఆయ్, నీళ్ళు కూడా ల్యాబ్‌కి ఇవ్వండి. భారలోహాలు (సీసం, ఆర్సెనిక్ లాంటివి), పురుగుమందులు అని పేరు పెట్టి అడగాలి, లేకపోతే ఉప్పూ ఫ్లోరైడూ చూసి పంపేస్తారు. సీసం లీటరుకి 0.01 మిల్లీగ్రాములు దాటకూడదు, ఆ కొంచెం టీడీఎస్ మీటర్‌కి (నీళ్ళలో కరిగినవన్నీ కలిపి చూపించేది) అందదు, ఆర్వో అమ్మేవాడు మీటర్ పెట్టి చూపిస్తే నమ్మకండి.