ఫైర్ అండ్ సేఫ్టీ బీటెక్: డెల్టాలో ఇంటర్న్‌షిప్ ఎక్కడ, ప్రాజెక్టు ఏది?

ఉండి_కాలువ
ఫైర్ అండ్ సేఫ్టీ బీటెక్ మూడో ఏడాదిలోకి వెళ్తున్నానండి. కాలేజీ వేరే రాష్ట్రం, ఇల్లు భీమవరం దగ్గర. వేసవిలో ఇక్కడే ఇంటర్న్‌షిప్ చేసి, దాన్నే ప్రాజెక్టుగా పెట్టుకుందామని ఉంది. ఆక్వా ప్లాంటా, రైస్ మిల్లా, గ్యాస్ వైపా? ఏ సబ్జెక్టు గట్టిగా పట్టుకోవాలి? సేఫ్టీ ఆఫీసర్ అవ్వాలంటే డిగ్రీ చాలా, పైన డిప్లొమా కూడా కావాలా?

కంప్రెసర్_గది
భీమవరం అయితే రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటే పట్టుకోండి. ఒకే ఆవరణలో ఫ్రీజర్లను చల్లబరిచే అమ్మోనియా, డీజిల్ జనరేటర్లు, మండే ఫోమ్ నింపిన కోల్డ్ స్టోరేజీ ప్యానెళ్లు, షిఫ్టు నిండా మనుషులు, అన్నీ ఉంటాయి. ప్లాంటు దొరక్కపోతే అమ్మోనియాతో నడిచే పాత ఐసు ఫ్యాక్టరీ అయినా సరే.

మొదటి వారం లెక్కల జోలికి పోవద్దు. కంప్రెసర్ నుంచి కండెన్సర్, రిసీవర్, ఫ్రీజర్ దాకా పైపు వెంట నడిచి బొమ్మ గీయండి. ఏ వాల్వ్ మూస్తే ఏ ముక్క విడిపోతుందో రాసుకోండి. గోడకున్న డ్రాయింగుకీ అసలు పైపుకీ తేడాలు దొరికితే ఆ జాబితాయే సగం ప్రాజెక్టు.

తర్వాత ఆయిల్ డ్రెయిన్ దగ్గర పని జరుగుతున్నప్పుడు దూరంగా నిలబడి చూడండి. కంప్రెసర్ ఆయిల్ అమ్మోనియాతో పాటు కొట్టుకొచ్చి పాత్రల అడుగున చేరుతుంది, అప్పుడప్పుడు వదలాలి. చల్లగా ఉన్న ఆయిల్ చిక్కబడి వాల్వ్ తెరిచినా రాదు. మనిషి ఇంకో చుట్టు తిప్పుతాడు. అడ్డం తొలగగానే ఆయిల్ వెనకాల ఉన్న ద్రవ అమ్మోనియా ఒక్కసారిగా తన్నుకొస్తుంది, అప్పుడు వాల్వ్ మూసే దగ్గరికి చెయ్యి పోదు. అందుకే మామూలు వాల్వ్ తర్వాత, చెయ్యి వదిలితే స్ప్రింగుతో తనంతట మూసుకునే వాల్వ్ ఇంకొకటి ఉండాలి. అది ఉన్నా, పిడిని తీగతో కట్టేశారేమో చూడండి. కట్టేసి ఉంటే లేనట్టే లెక్క.

గ్యాస్ ఎంతదూరం పోతుందో లెక్కకి అలోహా సాఫ్ట్‌వేర్ ఉచితం. పగలు మోస్తరు గాలికి ఒకటి, రాత్రి నిలకడ గాలికి (పైకీ కిందకీ పెద్దగా కలవని గాలి) ఒకటి, రెండూ చెయ్యండి. రాత్రిదే ఎక్కువ దూరం వస్తుంది. సెకనుకు 1 మీటరు కన్నా తక్కువ గాలి అది తీసుకోదు. గాలిలో అమ్మోనియా 150, 300 పీపీఎం (పది లక్షల పాళ్లలో ఇన్ని పాళ్లు) ఉండే హద్దులు మ్యాపు మీద గీయండి. 300 దాటితే డబ్బా మాస్కుతో (గాలిని వడకట్టే మాస్కు) లోపలికి పోకూడదు, సిలిండర్ ఉన్న బ్రీతింగ్ సెట్టే కావాలి. "అమ్మోనియా గాలికన్నా తేలిక కాబట్టి పైకి పోతుంది" అని మాత్రం రిపోర్టులో రాయకండి. ద్రవం కారితే సన్నటి తుంపరతో చల్లటి మబ్బులా నేలబారునే పాకుతుంది.

పంపుహౌస్
పైన చెప్పిందానికి ఒకటి కలపాలండి. కారిన అమ్మోనియా ద్రవం మీద నేరుగా నీళ్లు కొట్టకూడదు. నీటి వేడికి మరింత మరిగి గ్యాస్ ఎక్కువవుతుంది. గాలి పోయే వైపు నీటి తెర కట్టి గ్యాస్‌ని పట్టుకోవాలి. ఆ నీళ్లు ఎటు పోతాయన్నది ఇక్కడ పెద్ద ప్రశ్న. పక్క మురుగు బోదెలోకి వెళ్తే కింద చెరువుల్లో చేపా రొయ్యా మిగలవు. ఆ బోదె తూము ఎవరు మూస్తారో ఎమర్జెన్సీ ప్లాన్‌లో పేరుతో సహా ఉండాలి.

సబ్జెక్టు అడిగారు కాబట్టి, నా ఓటు హైడ్రాలిక్స్‌కే. స్ప్రింక్లర్ నుంచి నిమిషానికి వచ్చే నీరు, దాని కే విలువను (రంధ్రం సైజును బట్టి ఉండే అంకె) పీడనం వర్గమూలంతో గుణిస్తే వస్తుంది. కే 80 ఉన్న స్ప్రింక్లర్ 1 బార్ దగ్గర నిమిషానికి 80 లీటర్లు ఇస్తే, 160 లీటర్లు కావాలంటే 2 బార్ చాలదు, 4 బార్ కావాలి. పైపు సైజు ఇంకా కఠినం. అదే నీరు సగం వ్యాసం పైపులో పంపితే రాపిడి నష్టం దాదాపు 29 రెట్లు. డబ్బు ఆదాకని ఒక సైజు తగ్గించిన చోట చివరి హైడ్రెంట్‌కి (ఫైర్ గొట్టం తగిలించే కుళాయి) ఏమీ చేరకపోవడం ఇందుకే.

పంపు పరీక్ష అంటే చాలాచోట్ల డెలివరీ వాల్వ్ మూసి, స్విచ్ వేసి, గేజ్ చూసి "ఏడు కేజీలు, ఓకే" అని రిజిస్టర్‌లో రాస్తారు. అది పరీక్ష కాదు. నీరు పారించి చూడాలి. నిమిషానికి 2280 లీటర్లు, 70 మీటర్ల హెడ్ (నీటిని ఎత్తగల ఎత్తు) అని ప్లేటు మీద ఉంటే, 150 శాతం అంటే 3420 లీటర్లు వదిలినప్పుడు కనీసం 65 శాతం, అంటే 45.5 మీటర్లు నిలబడాలి. అన్నిటికన్నా దూరంగా, ఎత్తుగా ఉన్న హైడ్రెంట్ దగ్గర నీరు పారుతుండగా 3.5 బార్ కొలవండి.

జాకీ పంపు (లైన్‌లో పీడనం తగ్గకుండా నిలిపే చిన్న పంపు) మాటిమాటికీ ఆన్ అవుతుంటే లైన్ ఎక్కడో కారుతోంది, లేదా నాన్ రిటర్న్ వాల్వ్ వెనక్కి వదులుతోంది. సెక్షన్ వాల్వులు ఒక్కొక్కటీ మూస్తూ గంటకి ఎన్నిసార్లు ఆన్ అయిందో లెక్కపెట్టండి. ఏది మూసినప్పుడు ఆగిందో లీకు ఆ ముక్కలోనే. మన నల్లరేగడిలో నీటిమట్టం పైనే ఉంటుంది, తీరం వైపు ఉప్పు కూడా. పూత వెయ్యకుండా, టేపు చుట్టకుండా పూడ్చిన ఎంఎస్ (మైల్డ్ స్టీల్) పైపుని తుప్పు బయటి నుంచి తినేస్తుంది. వాల్వ్ గుంటలు కూడా వానాకాలం మొత్తం మునిగి ఉంటాయి.

చట్టం_పేజీ
డిగ్రీ, డిప్లొమా సంగతి. చాలా రాష్ట్రాల సేఫ్టీ ఆఫీసర్ రూల్స్‌లో మూడు అంశాలు కనిపిస్తాయి: ఇంజినీరింగ్ డిగ్రీ ఉంటే ఫ్యాక్టరీలో సూపర్‌వైజరీ స్థాయిలో 2 ఏళ్లు, ప్రభుత్వం గుర్తించిన ఇండస్ట్రియల్ సేఫ్టీ డిగ్రీ లేదా డిప్లొమా, కార్మికుల్లో ఎక్కువమంది మాట్లాడే భాష. మీ యూనివర్సిటీ డిగ్రీని రాష్ట్రం గుర్తించిందో లేదో ఫ్యాక్టరీల శాఖ దగ్గర ఇప్పుడే రాతపూర్వకంగా తెలుసుకోండి. నాలుగో ఏడాదిలో అడిగి లాభం లేదు. గుర్తింపు లేకపోతే చెన్నై రీజనల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్ లాంటి చోట డిప్లొమా చెయ్యాల్సి వస్తుంది.

సేఫ్టీ ఆఫీసర్ తప్పనిసరి కావడానికి 1948 ఫ్యాక్టరీల చట్టంలో 1000 మంది కార్మికుల హద్దు ఉండేది. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక భద్రత కోడ్‌లో 500, ప్రమాదకర ప్రక్రియ ఉన్నచోట 250. అంటే మధ్యతరహా ప్లాంట్లకీ ఆఫీసర్ కావాలి. గల్ఫ్ ఆలోచన ఉంటే నెబోష్ వేరే రాయాలి. అది బ్రిటన్ సర్టిఫికెట్, ఇక్కడి రూల్స్‌లో అడిగే డిప్లొమాకి బదులు కాదు. "ఆరు నెలల కోర్సు, ఉద్యోగం గ్యారంటీ" అనే బోర్డులకి డబ్బు కట్టొద్దు తమ్ముడూ.

మిల్లు_తవుడు
తాడేపల్లిగూడెం వైపు వెళ్లగలిగితే తవుడు నుంచి నూనె తీసే సాల్వెంట్ ప్లాంటు చూడండి. అందులో వాడే సాల్వెంట్ హెక్సేన్. గాలిలో దాని ఆవిరి 1.1 శాతం ఉంటేనే అంటుకుంటుంది, ఆ ఆవిరి గాలికన్నా బరువు. గ్యాస్ డిటెక్టర్ మొహం ఎత్తున బిగించి ఉంటే తప్పు, నేలకి దగ్గరగా, గుంటల్లో ఉండాలి. మీథేన్‌తో కాలిబ్రేట్ చేసిన మీటర్ హెక్సేన్‌ని ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది, తయారీదారు ఇచ్చిన గుణకం వెయ్యాలి. ట్యాంకులోకి దిగేముందు వరస: ఆక్సిజన్, తర్వాత మండే గ్యాస్, చివర విషవాయువు. ఆక్సిజన్ బాగా తక్కువుంటే మండే గ్యాస్ రీడింగే అబద్ధం అవుతుంది, అందుకే ఆ వరస.

కోనసీమ_గాలి
గ్యాస్ వైపు ఇంటర్న్‌షిప్ దొరకడం కష్టమే. కానీ కేస్ స్టడీకి మన దగ్గరున్నవి చదవకుండా వదలొద్దు. 1995 జనవరిలో పాశర్లపూడి గ్యాస్ బావి ఎగదన్ని రెండు నెలల పైన మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోని నగరం అనే ఊళ్లో గ్యాస్ పైపులైను పేలింది. పొడి గ్యాస్ కోసం వేసిన పైపులో నీళ్లున్న గ్యాస్ పోవడం, లోపల తుప్పు, వాసన కలపకపోవడం: ఈ మూడిటికీ బో-టై బొమ్మ (ఎడమ కారణాలు, మధ్యలో ప్రమాదం, కుడి ఫలితాలు, నడుమ అడ్డుగోడలు) గీయండి. ఏ అడ్డుగోడ ఎక్కడ తప్పిందో కాగితం మీద కనిపిస్తుంది. చనిపోయినవాళ్లు పైపు పక్కన బతికిన మామూలు జనం, అది మర్చిపోకుండా రాయండి.

ఉండి_కాలువ
చాలా థాంక్సండి అందరికీ. ప్రాసెసింగ్ ప్లాంటుకే దరఖాస్తు పెడతాను. ఇంకొక్కటి. ప్లాంటు పక్కనే కాలువ ఉంది, ఫైర్ ఇంజన్ అక్కణ్ణుంచి నీళ్లు తోడుకుంటుందని ప్లాన్‌లో రాసేయొచ్చా?

పంపుహౌస్
కాలువ వేసవిలో కట్టేస్తారు కదండీ, సరిగ్గా మంటలు ఎక్కువయ్యే నెలల్లోనే. కట్టేసిన రోజుల్లో ఎంత నీరు నిలబడుతుందో లాకుల దగ్గర అడిగి, లేదా కర్ర పెట్టి కొలిచి రాయండి. పంపు మధ్యరేఖ నుంచి నీటిమట్టానికి ఎత్తు 7 మీటర్ల లోపుంటేనే నమ్మకంగా లాగుతుంది. గట్టు మీద బండి నిలబెడితే, నీరు తగ్గినప్పుడు ఆ ఎత్తు ఎంతవుతుందో చూసుకోండి. గుర్రపుడెక్క ఉంటే స్ట్రైనర్ (నీళ్లు లాగే గొట్టం చివరి జల్లెడ) నిమిషాల్లో మూసుకుపోతుంది. దాని మీద బుట్ట స్ట్రైనర్ తొడిగి, తాడు కట్టి, బురదకి తగలకుండా, నీటి పైతలం నుంచి గాలి లాగకుండా మధ్యలో వేలాడదీయాలి. బండి బరువుకి గట్టు దిగబడకుండా రాళ్లతో నిలబెట్టే చోటు కూడా ముందే కట్టి ఉంచాలి. ఇవేవీ కుదరకపోతే కాలువని లెక్కలోకి తీసుకోకుండా, ఆవరణలోనే ఫైర్‌కి వేరే ట్యాంకు పెట్టమని రాయండి. ప్రాసెసింగ్‌కి వాడే ట్యాంకే అయితే, ప్రాసెసింగ్‌కి వెళ్లే అవుట్‌లెట్ పైపు ఫైర్ నిల్వ మట్టానికి పైన ఉందో లేదో నిచ్చెనెక్కి చూడండి.