‘కర్సరీ’ అంటే పైపైన చూడటమేనా? ‘కర్సర్’తో సంబంధం ఉందా?

ప్రశ్న: ‘కర్సరీ గ్లాన్స్’ అని తరచూ చదువుతున్నాను. అసలు అర్థమేంటి? తెరమీద కదిలే కర్సర్‌కీ దీనికీ చుట్టరికం ఉందా?

జవాబు: ఉందండీ. లాటిన్‌లో ‘కుర్రెరే’ అంటే పరుగెత్తడం, ‘కుర్సోర్’ అంటే పరుగెత్తేవాడు. దాన్నుంచే ‘కుర్సోరియుస్’, అందులోంచి కర్సరీ. పరుగు మీద చూసిన చూపన్నమాట. కొరియర్, కరెంట్, కోర్స్ కూడా ఆ ధాతువువే. స్లైడ్‌రూల్ (లెక్కలు కట్టడానికి వాడిన జారుడు కొలబద్ద) మీద జరిపే గీత ముక్కను కర్సర్ అనేవారు, ఆ పేరే కంప్యూటర్‌కి వచ్చింది. మధ్యయుగపు పారిస్ విశ్వవిద్యాలయంలో పాఠ్యాన్ని లోతుకు పోకుండా చదివించుకుపోయే పాఠాలకూ ‘కర్సరీ’ అనే పేరే ఉండేది. నాకు అన్నిటికన్నా నచ్చిన వాడుక అదే.

మరో జవాబు: ‘పర్‌ఫంక్టరీ’తో కలిపేయకండి, చాలామంది ఇక్కడే తడబడతారు. కర్సరీలో ఉన్నది తొందర. పర్‌ఫంక్టరీలో ఉన్నది మనసు పెట్టకపోవడం, మొక్కుబడి. గంటసేపు చేసిన తనిఖీ కూడా పర్‌ఫంక్టరీ కావచ్చు, కర్సరీ మాత్రం కాదు.

ప్రశ్న అడిగినవారు: మరి క్రియావిశేషణం?

జవాబు: ‘కర్సరిలీ’. మనిషికి విశేషణంగా వాడితే ఎబ్బెట్టుగా ఉంటుంది. చూపు, పఠనం, పరీక్ష లాంటి పనులకే వాడండి.