రెజ్లర్ వదిలి వెళ్లేది వారసత్వమా, పేరా?

ప్రొఫెషనల్ రెజ్లింగ్ మీద ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. 'లెగసీ' అని కనిపించిన చోటల్లా 'వారసత్వం' అని వేసుకుంటూ పోయి హల్క్ హోగన్ దగ్గర ఆగాను. 1987లో మూడో రెజిల్‌మేనియాలో (ఏటా జరిగే పెద్ద రెజ్లింగ్ పండగ అది) ఆయన ఆండ్రే ది జెయింట్‌ని ఎత్తి కుదేయడం ఇప్పటికీ చెప్పుకుంటారు. దాన్ని వారసత్వం అంటే ఆస్తి పంపకాల్లా ఉంది. 'కీర్తి' అంటే సన్మానపత్రం వాసన. మీరైతే ఏమంటారు?

— 'పేరు' చాలదా అండీ? పేరు తెచ్చుకుంటాం, నిలబెట్టుకుంటాం, పోగొట్టుకుంటాం. పోతన బలిచక్రవర్తి అడిగిందీ అదేగా, 'భూమిపై బేరైనం గలదే' అని. బ్రూనో సమార్టినో 1963 మే నుంచి 1971 జనవరి దాకా, 2,803 రోజులు, టైటిల్ వదల్లేదు. ఆ బెల్టు తర్వాత ఎందరి నడుములకో మారింది, ఆయనకు మిగిలింది పేరే. పోగొట్టుకున్నదానికి క్రిస్ బెన్వా ఉన్నాడు. రింగులో ఆ పనితనానికి వంక పెట్టినవాళ్లు తక్కువ. 2007లో భార్యనూ కొడుకునూ చంపి తనూ చచ్చాక, ఆ పేరెత్తడానికే జనం తటపటాయిస్తారు.

— 'యశఃకాయం' అనండి. ముసలితనం, చావు లేని ఒళ్లు! మోకాళ్లరిగిపోయిన రెజ్లర్‌కి అంతకన్నా ఏం కావాలి? (వ్యాసంలో వాడితే ఎవరూ చదవరు, తెలుసు.)

— వారసత్వాన్ని అంత తేలిగ్గా తోసెయ్యకండి. కొన్నిచోట్ల అదే సరైన మాట. మెక్సికోలో ఎల్ సాంతో వెండిరంగు ముసుగు లేకుండా జనంలోకి వచ్చేవాడు కాదు. 1984లో పోతే ఆ ముసుగుతోనే పూడ్చారు. కొడుకు కూడా అలాంటి వెండి ముసుగే వేసుకుని రింగులోకి దిగాడు, పెట్టుకున్న పేరు కూడా 'సాంతో కొడుకు' అనే. ఇది అచ్చంగా వారసత్వం.

బడ్డీ రోజర్స్, రిక్ ఫ్లెయిర్‌ల సంగతి వేరు. చుట్టరికం లేదు. 'నేచర్ బాయ్' అన్న బిరుదు, తెల్లగా మెరిసే జుట్టు, ఒళ్లు విరుచుకునే ఆ నడక, ప్రత్యర్థి కాళ్లను మెలేసే ఫిగర్ ఫోర్ పట్టు, అన్నీ ముందు రోజర్స్‌వి, తర్వాత ఫ్లెయిర్ అందుకున్నాడు. దీనికి మనకో మంచి మాట ఉంది: ఒరవడి. పలక మీద పైన గురువు రాసిపెట్టే వరుస అది, పిల్లవాడు కింద దాన్ని చూసే దిద్దుతాడు. చేయి తిరిగాక సొంత దస్తూరీ వస్తుంది. ఫ్లెయిర్‌కి ఆ 'వూ' అన్న కేక వచ్చినట్టు. నా మటుకు రెజ్లింగ్‌లో ఎక్కువకాలం నిలిచేది ఇదే. జేక్ రాబర్ట్స్ పేరు తెలియని కుర్రాళ్లు కూడా ఆయన డీడీటీని (ప్రత్యర్థి తలను చంకలో ఇరికించి, వెనక్కి పడుతూ నేలకు కొట్టే దెబ్బ) రోజూ చూస్తున్నారు.

— ఒరవడి! ఎలా మరిచానో. హోగన్‌కి 'పేరు', సాంతోకి 'వారసత్వం' ఉంచేశాను. మూడోది ఇలా మార్చాను: 'రోజర్స్ పెట్టిన ఒరవడి మీద ఫ్లెయిర్ దిద్దుకున్నాడు.' ఇక అండర్‌టేకర్ అనే రెజ్లర్ మీద పేరాగ్రాఫ్ మిగిలింది. రెజిల్‌మేనియాల్లో వరసగా 21 గెలుపులు, 2014లో లెస్నర్ చేతిలో ఓటమి. ఆ 21లో సగం కూడా ఎవరికీ గుర్తులేవు గానీ, ఓడిన రాత్రి జనం నోళ్లు తెరుచుకుని ఉండిపోవడం అందరికీ గుర్తే. ఓడిపోయి మిగిల్చినదాన్ని ఏమనాలండీ?