ఇగ్లూ గోడ కోసేసి తీశారట. దాన్ని ఇంకా డాక్యుమెంటరీ అనాలా?

నేలటిక్కెట్టు:
నేను సినిమా పండితుణ్ణి కాదు. రాత్రి భోజనాలయ్యాక ఓటీటీలో ఏది కనిపిస్తే అది చూసే బాపతు. ఈమధ్య డాక్యుమెంటరీల మీద పడ్డాను. పోయిన ఆదివారం మా అమ్మాయితో కలిసి 1922 నాటి మూకీ 'నానూక్ ఆఫ్ ద నార్త్' చూశాను. కెనడా ఉత్తరాన మంచులో బతికే ఇన్యూట్ కుటుంబం కథ. మంచు దిమ్మెలు కోసి ఇగ్లూ కట్టడం, కిటికీకి మంచు పలక అమర్చడం, లోపల అందరూ ఒకరినొకరు ఆనుకుని పడుకోవడం చూస్తూ నేను మైమరచిపోయి ఉంటే, ఎనిమిదో తరగతి పిల్ల అడిగింది: "నాన్నా, ఉన్నది ఒక్క కిటికీ కదా, లోపల ఇంత వెలుతురెక్కడిది?"

వెతికితే తెలిసింది. మామూలు ఇగ్లూలో అప్పటి కెమెరాకి చోటు చాలదు, వెలుతురూ చాలదు. అందుకని పెద్దది కట్టించి ఓ పక్క కోసేశారట. ఆ చలిగాలిలో వాళ్లు నిద్ర నటించారన్నమాట. నానూక్ అసలు పేరు అల్లకరియల్లక్. అప్పటికే వాళ్లు తుపాకులతో వేటాడుతున్నా, దర్శకుడు ఫ్లాహర్టీ సినిమా కోసం బల్లేలు పట్టించాడు. గ్రామఫోన్ రికార్డు ఎన్నడూ చూడనట్టు పంటితో కొరికే సీను కూడా నటనే.

నటింపజేస్తే అది సినిమా. నిజం అని బోర్డు పెట్టి నటింపజేస్తే మోసం. కాదంటారా?

పెళ్లివీడియో:
కాదంటాను అన్నా. ఇరవై ఏళ్లుగా పెళ్లిళ్లు తీస్తున్నా. సరిగ్గా తలంబ్రాలప్పుడే ఎవరో బాబాయి కెమెరాకి అడ్డంగా నిలబడతాడు. "ఇంకో రెండు దోసిళ్లు పోయండమ్మా" అంటాం, పోస్తారు. ఒకసారి అప్పగింతలప్పుడు లైటు ఆరిపోయింది. అంతా అయ్యాక, మళ్లీ ఓసారి పట్టుకోండి అన్నాను. వాళ్లమ్మ రెండోసారి మొదటిసారి కంటే గట్టిగా ఏడ్చింది. ఆ వీడియో అబద్ధమా? ఫ్లాహర్టీ గోడ కొయ్యకపోతే మీకు కనిపించేది నల్లటి తెరే.

నేలటిక్కెట్టు:
గోడ వెలుతురు కోసం, సరే. మరి తుపాకి ఎందుకు లాక్కున్నాడు తమ్ముడూ? అది లైటింగ్ సమస్య కాదుగా.

పెళ్లివీడియో:
అది ఒప్పుకుంటా. సూటు వేసుకొచ్చిన పెళ్లికొడుకుని ఆపి "మీ తాతలా పంచె కట్టుకురా, అప్పుడే తీస్తా" అన్నట్టుంది.

అడవిపిచ్చి:
ఇగ్లూకే ఇంత బాధపడితే లెమ్మింగుల సంగతి వింటే ఏమంటారో! 1958లో డిస్నీ వాళ్లు 'వైట్ వైల్డర్‌నెస్' తీశారు. ఎలుకల్లాంటి ఆ చిన్న జంతువులు గుంపుగా వచ్చి కొండ అంచు నుంచి సముద్రంలోకి దూకి చస్తాయని చూపించారు. నిజానికి తీసింది కెనడాలో సముద్రమే లేని ఆల్బర్టా రాష్ట్రంలో. లెమ్మింగులు అక్కడివే కావు, వేరేచోట కొని తెచ్చారు. తిరిగే బల్ల మీద పరుగెత్తించి, చివరికి నదిలోకి తోసేశారు. దానికి ఆస్కార్ కూడా వచ్చింది. కెనడా టీవీ వాళ్లు 1980లలో బయటపెట్టేదాకా జనం నమ్మారు. ఇప్పటికీ నమ్మేవాళ్లున్నారు.

రిటైర్డుమాస్టారు:
నటన లేకపోతే నిజమైపోతుందా? మా రోజుల్లో హాల్లో అసలు సినిమాకి ముందు ప్రభుత్వం వారి ఫిల్మ్స్ డివిజన్ రీళ్లు తప్పనిసరిగా వేసేవారు. రిబ్బను కత్తిరించే మంత్రిగారు, గేట్లెత్తిన ఆనకట్ట, గంభీరమైన గొంతు. అది అయ్యేదాకా సగం జనం బయట బీడీలు కాల్చుకుంటూ ఉండేవాళ్లు. అందులో ఆనకట్ట నిజమే, నీళ్లు నిజమే. మునిగిపోయిన ఊరు మాత్రం, నాకు గుర్తున్నంతలో, ఒక్కసారీ కనిపించలేదు.

ఈమధ్య సంగతే చూడండి. బుందేల్‌ఖండ్‌లో దళిత మహిళా విలేఖరుల మీద తీసిన 'రైటింగ్ విత్ ఫైర్' 2022లో ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. అప్పుడు ఆ 'ఖబర్ లహరియా' పత్రిక వాళ్లే, సినిమా కదిలించేలా ఉంది గానీ మేము ఎంతసేపూ ఒకే పార్టీ వార్తలు రాస్తున్నట్టు చూపించడం సరికాదన్నారు. అక్కడ ఎవరూ ఎవరిచేతా నటింపజేయలేదు. ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి అన్న దగ్గరే వచ్చింది పేచీ. మీరు నటనను పట్టుకుని కూర్చున్నారు, కత్తెరను వదిలేశారు.

వకీలుగుమస్తా:
మాస్టారూ, కత్తెర సంగతి నిజమే. కానీ నటింపజేయడమే నిజాన్ని బయటికి లాగిన కేసు ఒకటుంది. 1976లో అమెరికాలోని డాలస్‌లో ఒక పోలీసును కాల్చి చంపారు. రాండల్ ఆడమ్స్ అనే అతనికి మరణశిక్ష వేశారు, తర్వాత యావజ్జీవంగా మార్చారు. ఎరల్ మోరిస్ 1988లో 'ద థిన్ బ్లూ లైన్' తీశాడు. అందులో హత్య సీను నటులతో పదే పదే తీశాడు. ఒక్కో సాక్షి ఎలా చెబితే అలా! ఒకసారి కారు దగ్గర ఇలా, మరోసారి అలా. చూస్తుంటే సాక్ష్యాలు ఒకదానితో ఒకటి పొసగవని మనకే తెలిసిపోతుంది. క్రాస్ ఎగ్జామినేషన్‌లో మా వకీలుగారు చేసేదీ అదే. 1989లో ఆడమ్స్ బయటికొచ్చాడు. ఆస్కార్ వాళ్లు మాత్రం దాన్ని నామినేట్ కూడా చెయ్యలేదు. లెమ్మింగులకిచ్చి దీనికి ఇవ్వలేదంటే, ఇంక మీరన్న ఆ 'నిజం' బోర్డుకి విలువేముంది చెప్పండి?

నేలటిక్కెట్టు:
ఇది నేను చూడలేదు, చూస్తాను. కానీ మీరు చెప్పింది నా మాటకే బలం. అది నటన అని చూసేవాడికి తెలుస్తోంది. ఇగ్లూ గోడ సంగతి మాకెవరూ చెప్పలేదు.

ఆసుపోగు:
మాది పోచంపల్లి దగ్గర చేనేత కుటుంబం. మా అమ్మ ఇరవై ఏళ్లు ఆసు పోసింది. తెలియనివాళ్లకి: అర్ధచంద్రంలా వరసగా దిగ్గొట్టిన మేకుల చుట్టూ దారం పోస్తూ పోవాలి, ఒక్క చీరకి చెయ్యి దాదాపు 9,000 సార్లు తిరగాలి. ఆ పనికి మిషను కనిపెట్టిన చింతకింది మల్లేశం గారి మీద 2019లో సినిమా వచ్చింది కదా, ప్రియదర్శి చేశాడు. అందరూ నటులే. టీవీలో అది వస్తుంటే మా అమ్మ ఏం మాట్లాడలేదు. ఆసు పోసే సీను రాగానే కుడి భుజం ఎడమచేత్తో పట్టుకుంది. సీను అయిపోయేదాకా వదల్లేదు.

చేనేత మీద డాక్యుమెంటరీలు కూడా చూశాను. రంగులు బాగుంటాయి, వెనక వీణ వినిపిస్తుంటుంది, భుజం నొప్పి ఎక్కడా ఉండదు. ఇప్పుడు చెప్పండి నేలటిక్కెట్టు గారూ, ఏది నిజం?

నేలటిక్కెట్టు:
అమ్మా, దీనికి నా దగ్గర జవాబు లేదు. 'కేరాఫ్ కంచరపాలెం' చూసినప్పుడు నాకూ ఇలాగే అయింది. 2018లో వెంకటేష్ మహా తీశాడు. కథ కల్పితమే, నటించినవాళ్లలో ఎక్కువమంది కంచరపాలెం జనమే. ఆ అరుగులు, ఆ సందులు చూస్తుంటే విశాఖలో మా అత్తగారింటి వీధిలో కూర్చున్నట్టే అనిపించింది. అయినా నా పట్టు వదలను. అది కథ అని వాళ్లు ముందే ఒప్పుకున్నారు. కథని కథ అంటే నేనే వెళ్లి నమ్ముతాను. నిజం అని చెప్పి చేతికిస్తే మాత్రం తిప్పి చూస్తాను.

పెళ్లివీడియో:
అన్నా, ఒకటి చెప్పడం మర్చిపోయా. తలంబ్రాలు మళ్లీ పోయిస్తాం గానీ తాళి మళ్లీ కట్టించం. ఒకసారి సరిగ్గా ముహూర్తానికి నా బ్యాటరీ అయిపోయింది. పెళ్లికూతురి నాన్నగారే "పర్లేదు, ఇంకోసారి కట్టిద్దాం" అన్నారు. నేనే వద్దన్నా. క్యాసెట్టులో ఆ చోట ఎవరో తీసిన ఫోటో పెట్టి, కింద గట్టిమేళం వినిపించా. డబ్బులు తగ్గించుకున్నారు, అది వేరే సంగతి.

అడవిపిచ్చి:
లెమ్మింగుల వాళ్లు తాళి మళ్లీ కట్టించడం కాదు, పెళ్లికూతుర్నే అద్దెకి తెచ్చారు.

వకీలుగుమస్తా:
పెళ్లివీడియో గారూ, వచ్చే నెలలో ఖాళీ ఉందా? మా చెల్లెలి పెళ్లి. అప్పగింతలు మాత్రం ఒక్కసారే తియ్యాలి, మా అమ్మకి బీపీ ఉంది.